టులూజ్‌లో కాలువ గట్ల మీద, గరోన్ ఒడ్డున జాగింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి

దక్షిణ ఫ్రాన్స్‌లోని టులూజ్ వచ్చిన మొదటి నెలలో ఒక ఆదివారం పొద్దున ఊళ్లోని పోర్ సాన్ సొవర్ రేవు దగ్గర కాలువ గట్టెక్కి, దక్షిణాన శివార్లలో ఉన్న రామోన్విల్ వైపు పరుగు మొదలుపెట్టాను. పైన నీడ, కాళ్ల కింద చదునైన దారి, పక్కన కదలని నీళ్లు. ఇంకో వంతెన దాకా పోదాం, ఆ తర్వాత ఇంకో వంతెన దాకా అనుకుంటూ పోయాను. వెనక్కి తిరిగాక గానీ తెలియలేదు, అప్పటిదాకా గాలి నా వీపును తోస్తూ వచ్చిందని. నీళ్ల సీసా లేదు, జేబులో మెట్రో టికెట్ లేదు. తొమ్మిది కిలోమీటర్లు ఎదురుగాలిలో సగం పరిగెత్తి, సగం నడిచి ఇల్లు చేరాను. తర్వాత రెండు వారాలు మోకాలు నొప్పితో మెట్లు దిగలేకపోయాను.

పార్కులో రౌండ్లు కొట్టేటప్పుడు అలసిపోతే ఏ క్షణంలోనైనా ఆపేయొచ్చు, గేటు దగ్గరే ఉంటుంది. కాలువ గట్టు అలా కాదు. ఎంత దూరం పోయారో అంత దూరం మళ్లీ రావాలి. అందుకే ఇక్కడ పరిగెత్తాలనుకునే ప్రతి ఒక్కరికీ ముందు చెప్పేది ఒకటే: ఇంట్లోంచి బయల్దేరకముందే వెనక్కి తిరిగే చోటు ఖాయం చేసుకోండి. రాంగెయ్ వైపు ఏరోస్పేస్ కాలేజీల్లో చదువుకోడానికి వచ్చినవాళ్లు, బ్లాన్యాక్ వైపు విమానాల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, నాలుగు రోజులు చుట్టం చూపుగా వచ్చినవాళ్లు, ఎవరికైనా ఇదే మాట.

ముందు నీళ్ల దారులు అర్థం చేసుకోండి

టులూజ్‌లో ఒక నది, మూడు కాలువలు. నది గరోన్. స్పెయిన్ వైపు పిరనీస్ కొండల్లో పుట్టి, ఊరి మధ్యలోంచి పారుతూ బోర్దో వైపు పోతుంది. కాలువల్లో పెద్దది, పేరున్నది కెనాల్ దు మిది. ఇది ఊరి తూర్పు వైపుగా చుట్టి ఆగ్నేయంగా మధ్యధరా సముద్రం దాకా, సుమారు 240 కిలోమీటర్లు వెళ్తుంది. రెండోది కెనాల్ లాతెరాల్, అంటే గరోన్ పక్కనే వాయవ్యంగా పోయే కాలువ, 193 కిలోమీటర్లు. మూడోది చిట్టి కాలువ బ్రియెన్, కేవలం 1.6 కిలోమీటర్లు, నదిని ఆ రెండు కాలువలతో కలుపుతుంది. మూడూ కలిసే చోటు పోర్ ద లాంబుషూర్. అక్కడ పక్కపక్కనే ఉన్న పాత వంతెనల మధ్య పెద్ద చలువరాతి శిల్పం కనిపిస్తుంది, 1775 నాటిది. ఈ చోటు గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయే దారుల్లో ఒకటి ఇక్కడే మొదలవుతుంది, ఇంకొకటి ఇక్కడే మలుపు తిరుగుతుంది.

ఈ గట్టు ఇంత చదునుగా ఎందుకుందో తెలిస్తే పరుగు ప్లాన్ చేసుకోవడం తేలిక. పియెర్ పోల్ రికె అనే ఆయన 14వ లూయీ రాజును ఒప్పించి 1666లో ఈ కాలువ మొదలుపెట్టించాడు. 1681లో తెరిచారు. అది చూడకుండానే అంతకు కొన్ని నెలల ముందు, 1680లో ఆయన చనిపోయాడు. అప్పట్లో పడవలకు ఇంజన్లు లేవు. గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవి. మనం ఇప్పుడు పరిగెత్తేది ఆ గుర్రాల బాట మీదే. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి పోయే కాలువల్లో కూడా గట్టు మీద నుంచి తాడు పట్టుకుని మనుషులు పడవల్ని లాగేవారని మా తాతగారు చెప్పేవారు, లాకుల దగ్గర, అంటే నీటి మట్టం మార్చి పడవను పైకో కిందికో పంపే తలుపుల తొట్ల దగ్గర, పడవలు వరసగా ఆగేవట. ఇక్కడ కూడా అంతే. దారి సమంగా పోతుంది, లాకు వచ్చినచోట మాత్రం ఒక చిన్న ఎత్తు ఎక్కుతుంది, మళ్లీ సమం. టులూజ్ నుంచి కాలువలో అన్నింటికంటే ఎత్తైన నోరూజ్ దాకా 50 కిలోమీటర్లు దాటి పోయినా మొత్తం ఎక్కేది 60 మీటర్లలోపే. కాబట్టి కొండలెక్కడానికి బలం దాచుకోవాల్సిన పని లేదు. బలం దాచుకోవాల్సింది గాలి కోసం.

ఏ వైపు పోవాలో గాలిని అడగండి

బయల్దేరే ముందు ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసి ఊరుకోకండి, గాలి దిక్కు కూడా చూడండి. టులూజ్‌లో గాలి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పడమర, వాయవ్యం నుంచి, అట్లాంటిక్ వైపు నుంచి వచ్చేది. రెండోది ఓతాన్ అని ఇక్కడివాళ్లు పేరు పెట్టి పిలిచే ఆగ్నేయపు గాలి. ఓతాన్ మొదలైతే మూడు రోజులో, ఆరు రోజులో, తొమ్మిది రోజులో వీస్తుందని ఇక్కడి పెద్దవాళ్ల నమ్మకం. లెక్క అంత కచ్చితంగా కుదరకపోయినా, ఒక్క పూటలో పోయే గాలి మాత్రం కాదు. కిటికీ తలుపులు కొట్టుకుంటాయి, తల పట్టేసినట్టుంటుంది, మనుషులకు చిరాకు పెరుగుతుందంటారు.

కాలువ గట్టు మీద పరిగెత్తేవాళ్లకు ఈ రెండు గాలులూ ఎందుకు ముఖ్యమంటే, కెనాల్ దు మిది సరిగ్గా ఓతాన్ వచ్చే దిక్కుకే పోతుంది, లాతెరాల్ దాదాపు పడమటి గాలి వచ్చే దిక్కుకు పోతుంది. ఓతాన్ వీస్తున్న రోజు రామోన్విల్ వైపు పోండి. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఎదురుగాలిని నెట్టుకుపోతారు, తిరుగు ప్రయాణంలో వాలుగాలి మిమ్మల్ని ఇంటికి తోస్తుంది. పడమటి గాలి రోజైతే లాంబుషూర్ నుంచి లాతెరాల్ గట్టు పట్టుకోండి. నేను మొదట్లో చేసిన తప్పు ఇదే, పడమటి గాలి రోజున రామోన్విల్ వైపు పోయాను. వాలుగాలిలో వేగం చూసుకుని ఈ రోజు ఒంట్లో బలం బాగుందనుకుంటాం, అది గాలి బలమని తిరిగినప్పుడు గానీ తెలియదు.

గాలి మరీ గట్టిగా ఉంటే నగరపాలక సంస్థ పార్కుల గేట్లు మూసేస్తుంది. గేట్లు మూశారంటే కాలువ గట్టు మీద చెట్ల కింద కూడా పరిగెత్తొద్దు. పెద్ద పెద్ద ముసలి చెట్లు, కొమ్మ విరిగిపడితే చాలా ప్రమాదం.

మొదటి నెల: పోర్ సాన్ సొవర్ నుంచి అక్విడక్టు దాకా

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మెట్రో బి లైన్‌లో ఫ్రాన్స్వా వెర్దియె స్టేషన్‌లో దిగి, పది నిమిషాలు నడిచి పోర్ సాన్ సొవర్ చేరండి. చిన్న రేవు, పడవలు కట్టేసి ఉంటాయి. ఆ పది నిమిషాల నడకే మీ వార్మప్. నీళ్లు ఎడమ చేతి వైపో కుడి చేతి వైపో ఉండేలా చూసుకోండి అని చెప్పేవాళ్లుంటారు గానీ ఊళ్లో అది కుదరదు, వంతెనల దగ్గర దారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మారాల్సి రావచ్చు. నునుపైన దారి ఎటువైపుంటే అటే పోండి.

ఉత్తరాన ఉన్న రైల్వే స్టేషన్ వైపు కాకుండా దక్షిణానికి పోవాలి. ఒకటిన్నర కిలోమీటర్ల తర్వాత పొన్ దె దెమొజెల్ వంతెన వస్తుంది. మొదటి వారం ఇక్కడే వెనక్కి తిరగండి, రానూపోనూ 3 కిలోమీటర్లు. మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, మళ్లీ మూడు నిమిషాల పరుగు, ఇలా చాలు. పరిగెడుతూ పక్కవాళ్లతో తెలుగులో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి.

రెండో వారమో మూడో వారమో కాస్త ముందుకు పోండి. వంతెన దాటాక ఊరి హడావిడి తగ్గి, కార్ల చప్పుడు వెనకపడి, ప్లేన్ చెట్ల నీడ మొదలవుతుంది. వీటి బెరడు గమనించండి. పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి, కింద పసుపు, బూడిద, లేత ఆకుపచ్చ మచ్చలతో, చేత్తో తడిమితే పాలిష్ పట్టిన చెక్కలా ఉంటుంది. 19వ శతాబ్దం నుంచీ నాటుకొచ్చిన చెట్లివి, కాలువ పొడవునా సుమారు 42,000 ఉండేవి. 2006లో కార్కసోన్ దగ్గర ఒక బూజు తెగులు బయటపడింది. తెగులు సోకిన చెట్టుకు మందు లేదు, దాన్నీ చుట్టుపక్కలవాటినీ కొట్టి తగలబెట్టడమే. వేలకు వేలు కొట్టేశారు, వాటి స్థానంలో వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. కొన్నిచోట్ల నీడ హఠాత్తుగా తెగిపోవడానికి కారణం ఇదే. పడవ తాళ్లు రాసుకుని బెరడు గాయమైనా తెగులు అక్కడి నుంచే లోపలికి పోతుంది. కాబట్టి ఒళ్లు సాగదీసుకోడానికి చెట్టు మీద చేతులు ఆనించండి, ఫర్వాలేదు, బెరడు మాత్రం గీకకండి, పిల్లలతో వచ్చినప్పుడు వాళ్లకూ చెప్పండి.

పోర్ సాన్ సొవర్ నుంచి నాలుగు కిలోమీటర్ల లోపు ఒక విచిత్రం కనిపిస్తుంది. కాలువే వంతెన ఎక్కి, కింద బిజీగా ఉన్న రింగ్ రోడ్డును దాటుతుంది. పొన్ కెనాల్ దేజ్ ఎర్బెత్ అంటారు. మనవైపు పి.గన్నవరం అక్విడక్టులో కాలువ నీళ్లు వైనతేయ గోదావరి మీదుగా పోతాయి కదా, ఇక్కడ నీళ్లు కార్ల మీదుగా పోతాయి. పక్కనే నడిచే దారి ఉంది. మధ్యలో ఆగి కిందికి చూడండి. మీ ఒక పక్క పడవ మెల్లగా జరుగుతుంటుంది, కాళ్ల కింద కార్లు గంటకు 90 వేగంతో పోతుంటాయి. మొదటి నెల లక్ష్యం ఇదే పెట్టుకోండి. ఇక్కడికి వచ్చి వెనక్కి తిరిగితే రానూపోనూ ఏడెనిమిది కిలోమీటర్లు.

తర్వాత తిరిగే చోట్లు

ఇక్కడ దూరం కొలవడానికి వాచీ అక్కర్లేదు. కెనాల్ దు మిది మీద లాకు దగ్గరుండే పాత ఇంటి గోడకు ఒక పలక ఉంటుంది. దాని మీద ఆ లాకు పేరు, ముందు లాకు ఎన్ని మీటర్లు, వెనక లాకు ఎన్ని మీటర్లు అని రాసి ఉంటుంది. నాకైతే జీపీఎస్ కన్నా దీని మీదే నమ్మకం, ఆకుల కిందా వంతెనల కిందా వాచీ లెక్క తప్పడం చాలాసార్లు చూశాను.

పోర్ సాన్ సొవర్ నుంచి రామోన్విల్‌లోని పోర్ సూద్ రేవు సుమారు 7 కిలోమీటర్లు. ఇక్కడ పడవల్లోనే కాపురం ఉండేవాళ్లు చాలామంది. డెక్ మీద పూలకుండీలు, సైకిళ్లు, కట్టెల మోపులు. వచ్చేటప్పుడు ఓపిక లేకపోతే రామోన్విల్ మెట్రో దగ్గర్లోనే ఉంది, పది పదిహేను నిమిషాల నడక. అంటే ఈ 7 కిలోమీటర్లు ఒకవైపే పరిగెత్తి మెట్రోలో వెనక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చాలాకాలం తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

ఇంకా ముందుకు పోతే కాస్తానె లాకు. పోర్ సాన్ సొవర్ నుంచి సుమారు పదిన్నర కిలోమీటర్లు. రానూపోనూ చేస్తే అచ్చంగా హాఫ్ మారథాన్ అంత దూరం, ఒక్క కొండ లేకుండా. దాని తర్వాతది విక్ లాకు. రామోన్విల్ మెట్రోలో దిగి, పోర్ సూద్ దాకా నడిచి, అక్కడి నుంచి విక్ దాకా పోయి తిరిగొస్తే పది, పదకొండు కిలోమీటర్లు, చాలావరకు నీడే, ట్రాఫిక్ సిగ్నళ్లు లేవు. వారాంతం పొద్దున పది కిలోమీటర్లు ప్రశాంతంగా చేయాలంటే నా మొదటి ఓటు దీనికే, ఊళ్లోంచి మొదలుపెట్టే దారికి కాదు.

లాకుల దగ్గర ఒక నిమిషం ఆగండి, సిగ్గుపడక్కర్లేదు. ఈ లాకుల తొట్టి నలుచదరంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తిన్నటి గోడలైతే వెనక మట్టి బరువుకు లోపలికి కూలతాయి, వంపు గోడలు ఆ బరువును తట్టుకుంటాయి. తలుపుల సందుల్లోంచి నీళ్లు సన్నగా చిమ్ముతుంటాయి, ఎండాకాలం అక్కడ నిలబడితే ముఖానికి చల్లటి తుంపర తగులుతుంది. పడవ లోపలికొచ్చి, తలుపులు మూసుకుని, నీళ్లతో పాటు పడవ పైకి లేచేసరికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, అంతసేపు మాత్రం ఉండకండి, ఒళ్లు చల్లబడిపోతుంది.

లాతెరాల్ వైపు మొదటి లాకు లాలాంద్, లాంబుషూర్ నుంచి సుమారు 4 కిలోమీటర్లు. నిజం చెప్పాలంటే ఈ వైపు అందం తక్కువ. ఒక పక్క రైలు పట్టాలు, గోడౌన్లు, నీడ కూడా తక్కువే. కానీ దారి సాఫీగా, జనం పల్చగా ఉంటుంది. వేగం పెంచే ట్రైనింగ్ చేసేవాళ్లకు, పడమటి గాలి రోజున ఇది మేలు.

గరోన్ ఒడ్డు: చిన్న చుట్టు

కాలువ మీద నీళ్లు కదలవు, నది మీద ప్రతి రోజూ వేరే రంగు. అందుకే వారంలో ఒక్కరోజైనా నది దగ్గరికి రమ్మంటాను. మెట్రో ఎ లైన్‌లో ఎస్కిరోల్‌లో గానీ, అవతలి ఒడ్డున సాన్ సిప్రియెన్‌లో గానీ దిగండి.

చుట్టు ఇలా కొట్టండి. పొన్ నెఫ్ వంతెన దగ్గర కుడి ఒడ్డున కిందికి దిగి, దొరాద్ గట్టు మీదుగా పొన్ సాన్ పియెర్ వంతెన దాకా. వంతెన దాటి ఎడమ ఒడ్డున గ్రావ్ ఆసుపత్రి గుమ్మటం పక్క నుంచి వెనక్కి పొన్ నెఫ్. సుమారు 2 కిలోమీటర్లు. ఇంకొంచెం కావాలంటే దిగువన పొన్ దె కాతలాన్ దాకా, ఎగువన పొన్ సాన్ మిషెల్ దాకా సాగదీస్తే నాలుగున్నర అవుతుంది. ఇది చుట్టు కాబట్టి గాలి ఎటున్నా సగం దూరం సాయం చేస్తుంది, సగం దూరం అడ్డుకుంటుంది, తిరిగే చోటు గురించి టెన్షన్ లేదు. పొన్ నెఫ్ అంటే కొత్త వంతెన అని అర్థం, కానీ 1544లో మొదలై 1632లో పూర్తయిన ఈ వంతెనే ఊళ్లో నిలిచి ఉన్న వంతెనలన్నింట్లో పాతది. దాని స్తంభాల మధ్య పెద్ద పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. అలంకారం కోసం కాదు, వరదొచ్చినప్పుడు నీళ్లు వంతెనను తోసేయకుండా వాటి గుండా పోవడానికి.

ఆ రంధ్రాలు చూశారంటే వరద సంగతి కూడా అర్థం చేసుకోండి. 1875 జూన్‌లో ఈ నది ఎడమ ఒడ్డున సాన్ సిప్రియెన్ పేటను ముంచేసి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇప్పుడు ఎత్తైన కరకట్టలున్నాయి. మనం పరిగెత్తే దిగువ గట్టు మాత్రం కరకట్టకూ నదికీ మధ్య ఉంటుంది. వానలు బాగా పడినప్పుడు, వసంతంలో కొండల్లో మంచు కరిగేటప్పుడు నీళ్లు పెరుగుతాయి, కిందికి దిగే గేట్లు మూసేస్తారు. ఊళ్లో ఎండ కాస్తున్నా మూసి ఉండొచ్చు, వాన పడింది పైన పిరనీస్‌లో కాబట్టి. గేటు మూసి ఉంటే గోడ దూకి లోపలికి పోయేవాళ్లు కనిపిస్తారు. మీరు పోకండి, పై రోడ్డు మీదే పరిగెత్తండి.

ఎడమ ఒడ్డున పొన్ నెఫ్‌కూ పొన్ సాన్ మిషెల్‌కూ మధ్య ప్రెరీ దె ఫిల్త్ర్ అనే పచ్చిక మైదానం ఉంది. 19వ శతాబ్దంలో ఊరికి తాగునీళ్లు ఇక్కడి ఇసుకలోంచి వడగట్టి తీసుకునేవాళ్లు, అందుకే ఆ పేరు. పచ్చిక మీద పరుగు మోకాళ్లకు హాయి. శని, ఆదివారాల పొద్దున్నే మాత్రం సాన్ పియెర్, దొరాద్ మెట్ల దగ్గర కాళ్ల కింద చూసుకోండి, ముందు రాత్రి కుర్రాళ్లు కూర్చున్న చోట గాజు పెంకులుంటాయి. అక్కడికి దగ్గర్లోనే బజాక్ల్ దగ్గర నది అడ్డంగా కట్టిన ఆనకట్ట మీది నుంచి దూకుతుంది, పాత జలవిద్యుత్ కేంద్రం, చేపలు ఎగువకు ఎక్కడానికి కట్టిన నిచ్చెన ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఆనకట్ట అంచున కొంగలు కదలకుండా నిలబడి ఉంటాయి. నా పరుగు ఎప్పుడూ అక్కడే కాసేపు ఆగుతుంది.

ఊరి చుట్టూ పది కిలోమీటర్లు

ఒక నెలన్నర అలవాటయ్యాక ఇది చేయండి. పోర్ సాన్ సొవర్ నుంచి ఈసారి ఉత్తరానికి, మాతాబియో రైల్వే స్టేషన్ ముందున్న బయార్ లాకు, మినిమ్ లాకు మీదుగా లాంబుషూర్ దాకా సుమారు 5 కిలోమీటర్లు. అక్కడ ఎడమకు తిరిగి బ్రియెన్ కాలువ పట్టుకుంటే నది దగ్గర సాన్ పియెర్ చేరతారు. అక్కడి నుంచి దొరాద్, పొన్ నెఫ్, ఆపైన వీధుల్లోంచి గ్రాన్ రోన్ తోట మీదుగా మళ్లీ పోర్ సాన్ సొవర్. మూడు నీళ్ల దారులూ, దగ్గర దగ్గర పది కిలోమీటర్లు.

స్టేషన్ నుంచి మినిమ్ దాకా అటూ ఇటూ పెద్ద రోడ్లే, పొగ, హారన్లు, ఆగాల్సిన సిగ్నళ్లు. ఆదివారం ఎనిమిదికి ముందు పోతే హాయిగా ఉంటుంది, పని రోజు సాయంత్రం అసలు వద్దు. బ్రియెన్ కాలువ మాత్రం ఈ చుట్టుకంతటికీ ప్రాణం. ఒకటిన్నర కిలోమీటర్లే అయినా రెండు వరసల చెట్ల కింద, మధ్యలో నీళ్లు, కార్ల గోల లేకుండా.

రైలెక్కి పోయి, పరిగెత్తుకుంటూ రండి

హాఫ్ మారథాన్‌కో మారథాన్‌కో తయారయ్యేవాళ్లకు ఇదే అన్నింటికంటే మంచి పద్ధతి. ఓతాన్ వీచే రోజు చూసుకోండి. మాతాబియోలో కార్కసోన్ వైపు పోయే లోకల్ రైలెక్కి బజియెజ్‌లో దిగండి. ఒకటి రెండు కిలోమీటర్లు పొలాల మధ్య నడిచి కాలువ చేరితే, అక్కడి నుంచి మోన్‌జిస్కార్, విక్, కాస్తానె లాకుల మీదుగా రామోన్విల్ మెట్రో దాకా మొత్తం సుమారు 18 కిలోమీటర్లు. ఇంకా కావాలంటే విల్‌ఫ్రాంష్ ద లోరగెలో దిగి గార్దూష్ దగ్గర కాలువ పట్టుకోండి, రామోన్విల్ దాకా 29 దాకా అవుతుంది. దారి పొడవునా వాలుగాలి. తిరిగి రావాల్సిన అవసరం లేదు, ఎందుకంటే వస్తున్నదే ఇంటికి.

విల్‌ఫ్రాంష్ నుంచి వచ్చే దారిలో నెగ్రా లాకు తగులుతుంది. పాతకాలంలో టులూజ్ నుంచి బయల్దేరిన ప్రయాణికుల పడవ మధ్యాహ్నం భోజనానికి ఇక్కడ ఆగేది. చిన్న గుడి లాంటి చర్చి ఇప్పటికీ ఉంది. నేనూ ఇక్కడే ఆగి ఖర్జూరం, ఉప్పు వేసిన వేరుశనగలు తింటాను. ఈ దారిలో కొట్లు చాలా తక్కువ. కనీసం ఒక లీటరు నీళ్లు వీపున కట్టుకోండి. ఆదివారం రైళ్లు తక్కువగా ఉంటాయి, ముందురోజే టైం చూసుకోండి.

ఏ కాలంలో ఏం జాగ్రత్త

ఏప్రిల్, మే నెలల్లో ప్లేన్ చెట్ల నుంచి సన్నటి నూగు రాలుతుంది. గాలి ఉన్న రోజు గొంతులో గరగర, కళ్ల మంట, దగ్గు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ వారాల్లో నది ఒడ్డుకు మారిపోండి, లేదా వాన పడ్డ మర్నాడు పోండి. కళ్లద్దాలు పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

జులై, ఆగస్టుల్లో ఎండ 40 దాకా పోయే రోజులుంటాయి. మనం మే నెల విజయవాడ చూసినవాళ్లం, ఇదెంత అనుకోకండి. ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది, సాయంత్రం ఆరింటికి కూడా మన మధ్యాహ్నం మూడులాగే మండుతుంటుంది. పొద్దున ఏడులోపు పూర్తి చేయండి. సాయంత్రం పోతే దోమలు కూడా, నల్ల మీద తెల్ల చారలున్న పులిదోమలు, సాగదీసుకోడానికి ఆగిన క్షణంలో కుడతాయి.

అక్టోబరు, నవంబరుల్లో అరచేతికంటే పెద్ద ఆకులు గట్టంతా పరుచుకుంటాయి. పొడి ఆకులు బాగుంటాయి, తడిసినవి నూనె పోసిన బండలా జారతాయి, వాటి కింద వేర్లు ఎత్తిన తారు కనబడదు. అడుగు చిన్నది వేయండి, వేగం సంగతి ఆ నెల మరచిపోండి.

డిసెంబరులో ఎనిమిదింపావుకు గానీ తెల్లారదు, ఐదున్నర లోపే చీకటి. ఊరు దాటాక గట్టు మీద లైట్లు లేవు, పక్కనే నీళ్లు, రెయిలింగ్ లేదు. తలకు కట్టుకునే లైటు, మెరిసే జాకెట్టు లేకుండా చీకట్లో రామోన్విల్ దాటొద్దు. చలికాలంలో మరమ్మతుల కోసం కాలువలో కొంత భాగం ఖాళీ చేస్తారు. అప్పుడు అడుగున బురదలో సైకిళ్లు, కుర్చీలు, రోడ్డు బోర్డులు కనబడతాయి. ఇంత అందమైన కాలువలో జనం ఏమేం పడేస్తారో చూసి మొదటిసారి నాకు నిజంగా బాధేసింది.

గట్టు మీద మర్యాదలు

ఈ దారి మనొక్కరిదే కాదు. రామోన్విల్ వైపు గట్టు సైకిళ్ల మీద ఆఫీసులకు, కాలేజీలకు పోయేవాళ్ల ప్రధాన రహదారి. ఎనిమిది నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర, ఆ టైంలో వీలైతే పోకండి. పోతే కుడివైపు అంచునే పరిగెత్తండి, ఇద్దరైతే పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, బెల్లు వినబడాలి. హఠాత్తుగా వెనక్కి తిరగడం అన్నింటికంటే ప్రమాదం. తిరిగే చోటు వచ్చిందనుకోండి, ముందు ఆగి, అంచుకు జరిగి, వెనక్కి చూసి, అప్పుడు తిరగండి.

చేపలు పట్టేవాళ్ల గాలాల కర్రలు దారికి అడ్డంగా ఉంటాయి, పడవలు కట్టిన తాళ్లు గడ్డిలో కనబడవు. ఊరు దాటాక ఎదురొచ్చేవాళ్లకు బోంజూర్ చెప్పండి, ఇక్కడ అది పద్ధతి. నీళ్లలో పందికొక్కును పెద్దది చేసినట్టుండే జంతువు ఈదుతూ కనిపిస్తే భయపడకండి, దాని పేరు రాగొందాన్, నారింజ రంగు పళ్లు, మన జోలికి రాదు. మీరూ దాని జోలికి పోకండి, తిండి పెట్టకండి. కాలువలో ఈత నిషేధం, గరోన్‌లోనూ దిగకండి. జారి పడి గాయానికి కాలువ నీళ్లు తగిలితే ఇంటికి రాగానే సబ్బుతో బాగా కడిగి, తర్వాత జ్వరం వస్తే డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

జేబులో ఫోన్, మెట్రో టికెట్, ఆరోగ్య బీమా కార్డు ఉంచుకోండి. మంచినీళ్ల కుళాయిలు పార్కుల్లో దొరుకుతాయి, అయితే 'ఓ నోన్ పోతాబ్ల్' అని బోర్డు ఉంటే అవి తాగే నీళ్లు కాదు.

కాలు మడతపడితేనో, ఎవరైనా కిందపడి కనిపిస్తేనో 112కు ఫోన్ చేయండి, డబ్బులు అక్కర్లేదు, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. వాళ్లు మొదట అడిగేది మీరెక్కడున్నారని. గట్టు మీద వీధి పేరుండదు, ఇంటి నంబరుండదు. ఆఖరున దాటిన లాకు ఏదో, దాని గోడ మీది పలక మీద ఏం పేరుందో చెప్పండి, దాన్ని దాటి ఎటువైపు ఎన్ని నిమిషాలు పరిగెత్తారో చెప్పండి. అందుకే ప్రతి లాకు దగ్గరా ఆ పేరు ఒకసారి పైకి చదివి ముందుకు పోవడం నేను అలవాటు చేసుకున్నాను: కాస్తానె, విక్, మోన్‌జిస్కార్.